ఏడో తలుపు ముందు మోకరింపు

ఎడ్విన్ పుస్తకంలో మొదటి వాక్యం ఇది: “ఎవడైతే దీపము చేతపట్టుకొని మొదటి తలుపు దాటునో, వాడు వెనుదిరిగి చూడకూడదు, ఏలయనగా వెనుక గబ్బిలములు కలవు.”

అది ఒక వీడియో గేమ్ ఎలా ఆడాలో చెప్పే పుస్తకం.

అలా రాయాలని అతనికి పంతమేమీ లేదు. పుట్టింది కలకత్తా గార్డెన్ రీచ్‌లో. బడిలో చదివింది హిందీ, ఓడల కార్ఖానాలో మాట్లాడేది బెంగాలీ. తెలుగు ఇంట్లో, నోటికే. చదవడం మాత్రం చిన్నప్పుడు తల్లి రోజమ్మ పక్కన కూర్చుని, చర్చి పుస్తకాల మీద వేలు ఆనించి నేర్చుకున్నాడు. ఆ తర్వాత వేరే తెలుగు పుస్తకమేదీ అతని చేతికి రాలేదు. కాగితం మీద తెలుగంటే అలాగే ఉంటుందనుకున్నాడు. నోటితో ‘ఎల్తాను’ అనే మనిషి కలం పట్టగానే ‘వెళ్ళుదును’ అయిపోయేవాడు. ఆరేళ్ళు రాశాడు. రెండు వందల పన్నెండు పేజీలు. తలుపుకొక అధ్యాయం చొప్పున ఏడు అధ్యాయాలు.

ఆట అసలు పేరు జపాను భాషలో ఉండేది. పిల్లలకు అది అంతుబట్టక ‘ఏడు తలుపులు’ అన్నారు. పంతొమ్మిది వందల తొంభై మూడులో, తెలుగు చర్చి వెనక సందులో, సత్యానందం గారు ఒక గదిలో టీవీ పెట్టి దానికి ఆట పెట్టె తగిలించారు. మనిషికి అరగంట. చాప మీద ఒకడు ఆడుతుంటే మిగతా డజను మంది వాడి మెడ మీద ఊపిరి వదిలేవారు. ఎడ్విన్‌కు అప్పుడు పదకొండేళ్ళు, ఇప్పుడు నలభై మూడు. సత్యానందం గారు పోయారు. గది ఉన్నచోట మొబైల్ రిపేరు దుకాణం వచ్చింది. ఎడ్విన్ మాత్రం రోజూ సాయంత్రం పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, బల్ల ముందు కూర్చుని ఆ గదిలోకి వెళ్ళిపోయేవాడు.

కార్ఖానాలో అతని పని అతుకులు చూడడం. ఇనుప రేకును రేకుకు అతికించిన చోట టార్చి వేసి, వెంట్రుకంత పగులో నలుసంత బుడగో ఉందేమో వెతుకుతాడు. కనబడితే సుద్దముక్కతో చుట్టూ సున్నా చుడతాడు. పద్దెనిమిదేళ్ళుగా సున్నాలు చుట్టీ చుట్టీ మనుషుల మాటల్లోనూ అతుకులే కనబడడం మొదలైంది. ఎవరైనా పొగిడితే ఎక్కడ అతికారో వెతికేవాడు. ఎవరైనా రమ్మంటే ఎందుకు రమ్మన్నారో ఆలోచిస్తూ ఇంట్లోనే ఉండిపోయేవాడు. ఒంటరితనం అతనికి బరువుగా ఉండేది కాదు. పాత చొక్కాలా ఒంటికి పట్టేసింది. ప్రపంచంలో ఒక్కచోట మాత్రం అతను టార్చి వేయలేదు. అది ఆ ఆట.

సమీర అతన్ని ఇంటర్నెట్‌లో పట్టుకుంది. ఆమె వరంగల్ అమ్మాయి, కలకత్తాలో ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతుంది. ఆటల మీద పరిశోధన ఆమె పని. పాత ఆటల అభిమానులు కబుర్లాడుకునే ఒకచోట ఎడ్విన్ తన చేతిరాత పేజీ ఒకటి ఫోటో తీసి పెడితే, ఆమె చదివి ఆ రాత్రే ఉత్తరం రాసింది. తెలుగులో వీడియో గేముల మీద ఒక పుస్తకం వేస్తున్నామనీ, సగం పండితులు సగం అభిమానులు రాస్తున్నారనీ, మీ ఏడో అధ్యాయం మాకు ఇవ్వండనీ. ఎడ్విన్ పదకొండు రోజులు ఆలోచించి ఇచ్చాడు. శుక్రవారం పుస్తకం హైదరాబాదులో అచ్చుకు వెళ్తుంది.

ఆ ముందు ఆదివారం, చర్చి అయ్యాక, సమీర చెప్పకుండా ఇంటికి వచ్చింది.

“ఓలమ్మ, ఇంత ఎండలో బస్సులో వచ్చేవేటమ్మా?” అంది రోజమ్మ గుమ్మంలోనే. “కూకో. కోడికూర దించేసేను. తిని మాటాడుకోండి. మావోడికి మాటలు రావు గానీ కూరైతే వడ్డిత్తాడు.”

“ముందు పని చెప్తానమ్మా. విన్నాక అన్నం పెట్టబుద్ధి కాదేమో మీకు.”

సమీర ఫోన్ తీసి ఎడ్విన్ చేతిలో పెట్టింది. తెర మీద ఏడో తలుపు. దీపం పట్టుకున్న బొమ్మ మనిషి నడుచుకుంటూ వచ్చాడు. ఆగలేదు. వంగలేదు. తిన్నగా తలుపు దగ్గరికి వెళ్ళాడు. తలుపు తెరుచుకుంది.

ఎడ్విన్ వీడియో వెనక్కి తిప్పాడు. మళ్ళీ చూశాడు. మళ్ళీ అదే.

గార్డెన్ రీచ్ తెలుగు పిల్లలందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఏడో తలుపు ముందు మూడుసార్లు మోకరించాలి. రిమోట్ మీద కింది బటన్ నొక్కితే బొమ్మ మనిషి వంగుతాడు. అలా మూడుసార్లు. తండ్రికి ఒకటి, కుమారుడికి ఒకటి, పరిశుద్ధాత్మకు ఒకటి. చేయకపోతే తలుపు తెరుచుకోదు, పైగా చచ్చి మళ్ళీ మొదటి తలుపు దగ్గరికి పోతావు. ఏడో అధ్యాయం పద్నాలుగు పేజీలు. అందులో పదకొండు ఆ మోకరింపు గురించే.

“ఎన్నిసార్లు ఆడేరు?” అన్నాడు.

“వంద. రాసుకుంటూ ఆడిన. వందకు వందసార్లూ తెరుచుకుంది.”

“మీ కేసెట్టు వేరేదేమో.”

“నేనూ అదే అనుకున్న ఎడ్విన్ గారూ. మన దగ్గరికొచ్చినవన్నీ దొంగ కాపీలే కదా, ఎవడన్నా మార్చిండేమో అని. అట్లాంటి కాపీలు కూడ నాలుగు తెప్పించిన. అన్నింట్లో ఇదే. బయటి దేశాల అభిమానులు ఈ ఆట మీద రాసిన పుస్తకాలు మూడున్నయి నా దగ్గర. ఒకటైతే నాలుగొందల పేజీలు. ఏ గబ్బిలం ఎన్ని సెకండ్లకు లేస్తదో కూడ రాసిండు మహానుభావుడు. మోకరించే ముచ్చట ఎక్కడా లేదు.”

“ఏ ఆటరా, ఆ గబ్బిలాల ఆటేనా?” రోజమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. “దానికి మోకాళ్ళేసేవోడివా? ఇంట్లో ప్రార్థనకి లేరా అంటే దుప్పటి ముసుగెట్టుకునేవోడివి కదా!”

సమీరకు నవ్వొచ్చింది, ఆపుకుంది. ఎడ్విన్ మొహం చూసి ఆపుకుందని అతనికి తెలిసింది. అది మరీ కష్టంగా ఉంది.

“రెండే దార్లున్నయి,” అంది ఆమె మెల్లగా. “అధ్యాయం తీసేయొచ్చు. లేదా మోకరింపు భాగం తీసేసి మిగిలింది వేయొచ్చు. తప్పని తెలిసినంక ఉన్నదున్నట్టు వేయలేను. నా బాధ ఇంకోటుంది. మీరు చిన్నప్పుడు చూసింది రాసిండ్రు. నేనైతే మీరు రాసింది చూసి రాసిన. ‘ఆటలో భక్తి’ అని ఇరవై పేజీల వ్యాసం, నలభై ఫుట్‌నోట్లు. అదే పుస్తకంలో మీ అధ్యాయం పక్కనే ఉంది. పోయిన నెల విదేశాల్లో ఒక సభలో చదివొచ్చిన కూడా. చప్పట్లు కొట్టిండ్రు.”

ఎడ్విన్ లెక్క వేసుకున్నాడు. పద్నాలుగులోంచి పదకొండు తీసేస్తే మూడు. ఆ మూడింట్లో ఉన్నదంతా ఆ నాలుగొందల పేజీల మనిషి ఇంకా బాగా రాసే ఉంటాడు. మోకరింపు పోతే తను రాసినదాంట్లో తనదంటూ ఏమీ లేదు. ఆరేళ్ళ సాయంత్రాలు ఎవరో ఎక్కడో ముందే రాసేసిన పుస్తకానికి చెడ్డ నకలు.

ఇంతకీ ఒక్కడైనా మోకరించకుండా ఎందుకు చూడలేదు? ఆ ప్రశ్న అడిగింది సమీర కాదు, అతనికి అతనే. జవాబు కూడా వెంటనే వచ్చింది. మనిషికి అరగంట. తలుపు దాకా రావడానికి ఇరవై ఒక్క నిమిషం. అంతదూరం వచ్చి, వెనక డజను మంది చూస్తుండగా, ప్రయోగం చేసేదెవరు? మోకరించారు, తెరుచుకుంది. మళ్ళీ మోకరించారు, మళ్ళీ తెరుచుకుంది. ఇంతకంటే గట్టి రుజువు పిల్లలకు ఎక్కడ దొరుకుతుంది? పద్దెనిమిదేళ్ళ పాటు ఊళ్ళోని ప్రతి ఓడ అతుకులూ చూసినవాడు ఈ ఒక్క అతుకు మీద టార్చి వేయలేదు. వేస్తే ఏం కనబడుతుందో లోపల ఎక్కడో తెలుసేమో. ఆ ఆలోచన అతనికి నచ్చలేదు, అయినా పోలేదు.

“దీన్ని మొదట చేసిందెవరు?” అంది సమీర.

ఎడ్విన్ కాగితాలు తెచ్చి, ఏడో అధ్యాయం తీసి, పైకి చదివాడు. రాసింది చదివేటప్పుడు అతని గొంతు కూడా మారుతుంది.

“‘ఆ దినమున ఆండ్రూ అనువాడు అందరికంటె ముందుగా ఏడవ తలుపునొద్దకు వచ్చెను. మేము పన్నెండుగురము వాని వెనుక నిలిచియుంటిమి. వాని చేతులు వణకుచుండెను. వాని ముఖము చెమటతో తడిసియుండెను. వాడు మూడు మారులు మోకరించెను, తలుపు తెరువబడెను. ఇది ఏమి అని మేమడుగగా, మోకరింపవలెను, లేనియెడల తెరుచుకొనదు అని చెప్పి, వాడు దిగ్గున లేచి వెలుపలికి పరుగెత్తిపోయి, గోడ తట్టు తిరిగి, తల వంచుకొని, ఒంటరిగా నిలిచి ప్రార్థించెను. నేను కిటికీలోనుండి చూచితిని.’”

రోజమ్మ గరిటె కిందికి దించి “ఆమెన్” అంది. ఆవిడ నిజంగానే అంది.

“ఈ ఆండ్రూ ఎక్కడుంటడు?”

“టికియాపారాలో. రైలుపెట్టెలు కడిగే షెడ్డులో పని.”

“హౌరా అవతలే కదా. మాట్లాడుతుంటరా?”

“పదకొండేళ్ళయింది,” అన్నాడు ఎడ్విన్.

తగువేమీ లేదు. ఆండ్రూ పెళ్ళి చేసుకుని నది అవతలికి వెళ్ళాడు, అంతే. ఎడ్విన్ ఆ ఆరేళ్ళూ రోజూ సాయంత్రం ఆండ్రూతోనే గడిపాడు, కాగితం మీద. ఆ ఆండ్రూకు పద్నాలుగేళ్ళు, చెమట పట్టిన మొహం, వంచిన తల. అసలు ఆండ్రూని కలిస్తే ఈ ఆండ్రూకు ఏమవుతుందోనని భయపడ్డాడేమో. ఇప్పుడు వెళ్ళక తప్పదు.

*

బుధవారం ఆండ్రూకు సెలవు. ఎడ్విన్ కూడా సెలవు పెట్టాడు. పెద్ద సాహెబు కాగితం చూసి “శరీర్ ఖరాబ్?” అని అడిగాడు, ఒంట్లో బాగోలేదా అని. అంత అరుదు అతని సెలవు.

హౌరా నుంచి లోకల్‌లో ఒక్క స్టేషనే. సమీర ఒళ్ళో సంచి, సంచిలో ఆట పెట్టె. కిటికీ అవతల పట్టాలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతూ, కలుస్తూ పోతున్నాయి.

“మా చదువుకున్నోళ్ళం ఆట ఆడకుండ రాస్తం,” అంది సమీర. “మీ అభిమానులు ఇంకేదీ చదవకుండ రాస్తరు. నాకు నా మీదే ఎక్కువ కోపంగ ఉంది. వ్యాసం రాసేముందు ఒక్కసారన్న ఏడో తలుపు దాకా పోయుంటే అయిపోతుండె. మూడో తలుపు దగ్గరే చచ్చి, ఇక చాల్లే అనుకున్న.”

“మూడో తలుపులో ఎడమ పక్క ఉన్న మెట్టు ఎక్కకూడదు.”

“అది మీ మూడో అధ్యాయంలో ఉంది. తర్వాత చదివిన.”

రైల్వే క్వార్టర్స్ రెండో అంతస్తులో తలుపు తీసిన మనిషిని ఎడ్విన్ ఒక క్షణం గుర్తుపట్టలేదు. బొజ్జ, నెరిసిన మీసం, లుంగీ.

“ఏరా ఎడ్డీ! బతికే ఉన్నావేటి? ఓ రెజీనా, ఎవులొచ్చేరో సూడు! నది దాటి రావడానికి నీకు పదకొండేళ్ళు పట్టిందేటిరా? ఈదుకుంటూ వచ్చేవా?”

“ఆండ్రూదా,” అన్నాడు ఎడ్విన్, చిన్నప్పటిలాగే బెంగాలీ వరసలో, అన్న అని. భుజం మీద పడిన చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. కాగితం మీద ఆ చేతికి ఎప్పుడూ బరువు లేదు.

ఆండ్రూ భార్య రెజీనా టీ తెచ్చింది. సమీర వచ్చిన పని చెప్పింది. పుస్తకం అనగానే ఆండ్రూ మీసం సర్దుకున్నాడు.

“నా పేరుందేటి పుస్తకంలో?”

“ఉంది. మొదట మోకరించినవారు మీరేనని.”

“అవును మరి, నానే! రెజీనా, ఇన్నావా? మన సంఘంలో నన్ను ఊరికే పెద్దని సేసేరనుకున్నావేటి?”

“సంఘప్పెద్దకి లుంగీ మీద బనీనైనా లేదు,” అంది రెజీనా. “ఆడమనిషి ఒచ్చింది, సొక్కా తొడుక్కో.”

ఆట పెట్టె టీవీకి తగిలించారు. ఆండ్రూ చొక్కా తొడుక్కుని వచ్చి కింద కూర్చున్నాడు. కూర్చోగానే వీపు గుండ్రంగా వంగింది. ఎడ్విన్‌కు ఆ వీపు తెలుసు. మనిషి మారాడు, వీపు మారలేదు. ముప్పై ఏళ్ళకు దగ్గరగా ముట్టని రిమోట్ మీద బొటనవేళ్ళు తమ దారిన తాము పోతున్నాయి. గబ్బిలాలు లేచేలోపే దీపం మనిషి దూకుతున్నాడు. మూడో తలుపులో ఎడమ మెట్టు ఎక్కలేదు. ఇరవై నాలుగు నిమిషాలకు ఏడో తలుపు వచ్చింది. ఆండ్రూ ఆగాడు. మూడుసార్లు మోకరించాడు. తలుపు తెరుచుకుంది.

“సూసేరా?” అన్నాడు గర్వంగా వెనక్కి తిరిగి.

“మోకరించకుండ ఒక్కసారి ఆడండి,” అంది సమీర.

“ఏటి? నానా? పాతిక నిమిషాలు సచ్చీ సెడీ వచ్చి తలుపు కాడ సావమంటావేటమ్మా?”

“చావరు. నేను వందసార్లు చూసిన.”

“నువ్వు సూసేవేమో గానీ నాను సెయ్యను. నా వేలు ఒప్పదు.” నవ్వుతూనే అన్నాడు గానీ రిమోట్ మాత్రం కింద పెట్టేశాడు.

దాన్ని ఎడ్విన్ తీసుకున్నాడు.

సమీర వీడియో చూపించినప్పటి నుంచి అతను ఒక్కసారి కూడా సొంతంగా ఆడి చూడలేదు. మూడు రోజులు, ‘రేపు’ అనుకుంటూ గడిపాడు. ఇప్పుడు చాప మీద కూర్చున్నాడు. వెనక ఆండ్రూ, సమీర, రెజీనా. ఊపిర్లు మెడకు తగులుతున్నాయి. మొదటి తలుపు, రెండో తలుపు. అయిదో తలుపు దగ్గర ఆండ్రూ “వంగు, వంగు” అని అరిచాడు, అతను వంగాడు. ఆరో తలుపులో ఇద్దరూ ఒకేసారి “ఇప్పుడు!” అన్నారు.

ఏడో తలుపు.

బొటనవేలు కింది బటన్ మీదికి దానంతటది వెళ్ళింది. ఎడ్విన్ దాన్ని చూశాడు. తన వేలే, తన మాట వినడం లేదు. నొక్కితే అధ్యాయం బతికినట్టు ఉంటుంది, ఈ ఒక్క ఆట వరకూ. నొక్కకపోతే పదకొండు పేజీలు పోతాయి. నమ్మకం వేలిలో ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు. గుండెలోనో తలలోనో ఉంటుందనుకున్నాడు. పనిలో పగులు కనబడ్డ ప్రతిసారీ, సున్నా చుట్టే ముందు, అరక్షణం ఊపిరి బిగబట్టేవాడు. ఇప్పుడూ అలాగే బిగబట్టి, వేలిని ముందుకు నడిపే పై బటన్ మీదికి జరిపి నొక్కాడు.

తలుపు తెరుచుకుంది.

మోకరించినప్పుడు తెరుచుకున్నంత మామూలుగా. అవతల వెలుగు, సంగీతం, ఆట అయిపోయిందని చెప్పే జపాను అక్షరాలు.

ఎడ్విన్ వెనక్కి తిరిగాడు. ఆండ్రూ తెరకేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆ మొహంలో ఆశ్చర్యం మెల్లమెల్లగా ఇంకొకటిగా మారుతోంది. ఏదో ఎక్కడో మరిచిపోయిన వస్తువు కాలికి తగిలినట్టు.

“ఓర్నాయనో,” అన్నాడు ఆండ్రూ.

“ఏటి?” అంది రెజీనా.

“ఓర్నాయనో, నాకు గుర్తొచ్చిందిరా ఎడ్డీ!” అని బొజ్జ పట్టుకున్నాడు. నవ్వు ముందు బొజ్జలోనే వచ్చింది, తర్వాత భుజాల్లోకి, ఆ తర్వాత నోట్లోకి. “మోకరించలేదురా నాను. అప్పుడు నాకు ఉచ్చొత్తందిరా!”

“ఏటి?”

“ఉచ్చ! పొద్దున్న గ్లాసుడు సెరుకు రసం తాగి కూకున్నాను. ఆ రోజు ముగ్గురు రాలేదు, ఆళ్ళ అరగంటలు కూడా నాకే ఇచ్చేసేరు సత్యానందం గారు. లేత్తే నీ ఆట అయిపోయిందంటారు. రెండు గంటలు! తలుపు కనబడేసరికి కాళ్ళు ముడేసుకుని ఇలగ ఇలగ ఊగిపోతన్నాను. సేతులు వణికిపోయి కింది బటను టక టక టకమని నొక్కేసేను. ఎన్నిసార్లు నొక్కేనో కూడా నాకు తెలీదు. మూడని లెక్కెట్టింది మీరే!”

“మరి మోకరించాలని సెప్పేవు కదా!” అన్నాడు ఎడ్విన్.

“ఏటి సెప్పమంటావు? పన్నెండు మంది, అందులో కూర్మయ్య గారి పిల్ల సువర్ణ కూడా ఉంది. ‘ఏటి సేసేవు, ఏటి సేసేవు’ అని మీద పడిపోతన్నారు. ఉచ్చొత్తందని సెప్పమంటావా? నోటికొచ్చింది సెప్పేసి పరిగెట్టేను.”

“గోడ,” అన్నాడు ఎడ్విన్. “గోడ తట్టు తిరిగి, తల వంచుకొని…”

“మరి తల వంచుకోకుండా ఎలగ పోత్తార్రా?”

సమీర గోడకు చేరగిలబడి, సంచి మొహానికి అడ్డం పెట్టుకుంది. సంచి వణుకుతోంది. రెజీనా “సిగ్గులేదు, సిగ్గులేదు, సంఘప్పెద్ద!” అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది. “నలభై ఫుట్‌నోట్లు,” అంటోంది సమీర సంచి వెనక నుంచి. “నలభై! దేహము, భక్తి అని రాసిన… దేహము అని నేనే రాసిన!”

ఎడ్విన్ ఒక్కడే నవ్వలేదు, కాసేపు. అతను ఆ కిటికీ దగ్గరే ఉన్నాడు. అవే ఊచలు, అదే గోడ, అదే వంచిన తల. ఇన్నేళ్ళూ ఆ వీపు చూసి, తనకెప్పుడూ రాని భక్తి ఏదో ఆ కుర్రాడికి వచ్చిందనుకున్నాడు. ఆ కుర్రాడు లోపల ఎంత ప్రశాంతంగా ఉన్నాడో అని అసూయపడ్డాడు. తలుపు దగ్గర మోకరించిన ప్రతిసారీ ఆ ప్రశాంతత కోసం తడుముకున్నాడు, దొరకలేదు. లోపం తనలో ఉందనుకున్నాడు. మిగతావాళ్ళందరికీ దొరుకుతోంది కాబోలు, తను ఒక్కడే బయట ఉన్నాడు కాబోలు అనుకున్నాడు. ఆ వయసులో అనుకున్నది తర్వాత మనిషికి స్వభావమైపోతుంది.

లోపలెవరూ లేరు. ఉన్నదల్లా ఒక పిల్లవాడు, వాడి పొత్తికడుపు, వాడి సిగ్గు. ఆ సిగ్గును కప్పడానికి తెలియకుండానే పన్నెండు మంది మూడేళ్ళపాటు, రోజూ, మూడేసిసార్లు వంగారు. వాళ్ళల్లో తనూ ఉన్నాడు. ఆ తలపు రాగానే గొంతులోంచి ఏదో పైకి తన్నుకొచ్చింది. మొదట దగ్గు వచ్చిందనుకున్నాడు. కాదు. నవ్వు. ఎంత పెద్దగా వచ్చిందంటే పక్క క్వార్టరువాళ్ళు గోడ మీద కొట్టి “కీ హోలో దాదా?” అని అడిగారు, ఏమైందని. రెజీనా బాల్కనీలోంచి “కిఛు నా, కిఛు నా!” అని, ఏమీ లేదని చెప్పాల్సి వచ్చింది.

*

నవ్వు తగ్గాక ఇంకో రెండాటలు ఆడారు. ఏడో తలుపు దగ్గర ఆండ్రూ మోకరించాడు. ఎడ్విన్ కూడా. “అలవాటు,” అన్నాడు ఆండ్రూ, ఎవరూ అడక్కుండానే.

“మరి ఆ అధ్యాయం తీసేత్తావేటిరా?” అని అడిగాడు తర్వాత, కొంచెం బెంగగా. “నా పేరు కూడా పోద్దేటి?”

ఎడ్విన్ సంచిలోంచి కాగితాలు తీశాడు. పద్నాలుగు పేజీలూ ముందేసుకుని చూశాడు. ఎక్కడా అబద్ధం కనబడలేదు. చేతులు వణికాయి, నిజం. చెమట పట్టింది, నిజం. గోడ, తల, అన్నీ అతను కిటికీలోంచి చూసినట్టే ఉన్నాయి. ఒక్కచోట మాత్రం బుడగ ఉంది. అక్కడ వేలితో సున్నా చుట్టాడు.

“తీసెయ్యక్కర్లేదు,” అన్నాడు సమీరతో. “ఒక్క వాక్యం తక్కువైంది. పెన్నివ్వండి.”

ఇచ్చింది. అతను మోకాలి మీద కాగితం పెట్టుకుని, పెదవులు కదుపుతూ, ఒత్తులు సరిచూసుకుంటూ రాశాడు. ‘వాని ముఖము చెమటతో తడిసియుండెను’ అన్నదాని తర్వాత. రాసి పైకి చదివాడు.

“‘ఏలయనగా ఆ గడియలో ఆండ్రూకు మిక్కిలి మూత్రము వచ్చుచుండెను, మేము దానిని ఎరుగకయుంటిమి.’”

“ఒరేయ్!” అన్నాడు ఆండ్రూ.

“రాయి ఎడ్విన్, రాయి,” అంది రెజీనా.

“అదేటి రాయడం? అచ్చేసే పుస్తకంలోనా? రేపు పాస్టరుగారు సదువుతారు!”

“ఇది నా వ్యాసం కన్న బాగుంది,” అంది సమీర. కళ్ళు తుడుచుకుంటూ తన కాగితాలు కూడా తీసింది. “ప్రపంచంలో ఎవ్వడి దగ్గరా లేదు ఇది. ఆ నాలుగొందల పేజీలాయన దగ్గర కూడ లేదు. నేను రేపటికల్లా నాది మొత్తం తిరగరాయాలె. శుక్రవారం పొద్దున్న వరకు టైముంది. ఎడ్విన్ గారూ, నాకు తోడుంటరా? మీరు చెప్పుకుంటూ పోతే నేను టైపు చేస్త.”

“ఉంటాను,” అన్నాడు ఎడ్విన్. ఎందుకు పిలిచిందా అని ఆలోచించడం అతనికి ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా తట్టలేదు.

“సరే, రాయి గానీ,” అన్నాడు ఆండ్రూ కాగితం మీదికి వంగి. “ఆ ‘మిక్కిలి’ ఎందుకురా? ‘కొంచెము’ అని రాయి.”

“కొంచెమైతే ఆపుకునేవోడివి కదా ఆండ్రూదా. కొంచెమైతే మోకరింపే లేదు.”

“పోనీ గోడ ఎవులిదో రాయి. చర్చి గోడ కాదు, సత్యానందం గారి గోడ. అదొక్కటీ సరిగ్గా రాయి, నీకు దండం పెడతాను.”

“చర్చి గోడే,” అన్నాడు ఎడ్విన్. “నేను కిటికీలోంచి చూసేను.”

“కాదురా! కిటికీ ఎటుంది? ఇటు. నాను ఎటు పరిగెట్టేను? అటు.”

“ఆగండి, ఆగండి,” అంది సమీర పెన్ను తీసుకుంటూ. “దీనికి ఫుట్‌నోట్ నాది. ఏ గోడో తేల్చండి ముందు.”

ఇద్దరూ లేచారు. రెజీనా టీ గ్లాసులు పక్కకు జరిపింది. ఎడ్విన్ టీవీని కిటికీ అనుకోమన్నాడు. ఆండ్రూ లుంగీ ఎగ్గట్టి చాప మీంచి బయల్దేరి, గది చివరిదాకా పరుగెత్తి, బీరువా తట్టు తిరిగి, తల వంచుకుని నిలబడ్డాడు.